రక్కసుఁడా? మనుష్యుఁడా?



నేను ముప్పదియైదేండ్లు బడిపిల్లలకుఁ దెలుఁగు చెప్పి విరమించి, యిప్పుడు హైదరాబాదున శ్రీనగర్ కాలనీలో మా కుమారునింట నుండుచున్నాను. ఆదివారము మధ్యాహ్నము మా మనుమఁడును వాని స్నేహితులును బల్లచుట్టుఁ జేరి యొక యాట యాడుదురు. అది 1974లో అమెరికాదేశమున గైగాక్స్, ఆర్నెసన్ అనువారు వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను నాట. ఒక బాలుఁడు కథ నడుపును; తక్కినవారు కథలోని వీరులై తమ మాటలు తామే పలుకుదురు. వ్రేసిన దెబ్బ తగిలినదో లేదో యిరువది ముఖముల పాచిక చెప్పును. పాచిక యనఁగనే నాకు శకుని తలఁపునకు వచ్చెను. పాతవాఁడను గదా!

ఒకనాఁడు వారు గుహలోని రక్కసిని నాలుగు పాచికలతోఁ జంపి కేకలు వేసిరి. పిమ్మట దారిదోఁపరి యొకఁడు చిక్కెను. “అయ్యా, బిడ్డల యాఁకలి చూడలేక యీ పనికి దిగితిని” అని కథకుఁడు వాని గొంతుతోఁ బలికెను. పాచిక నెవ్వఁడును ముట్టలేదు. చంపుదమని యొకఁడు, రాజున కప్పగింతమని యొకఁడు వాదులాడిరి. పళ్లెములలోని యుప్మా చల్లారిపోయెను.

“తాతయ్యా, రక్కసిని జంపునపుడు లేని చిక్కు వీనితో నేల వచ్చినది?” అని మనుమఁ డడిగెను.

మనుష్యుఁడే గట్టి పగవాఁడని చెప్పఁబోయితిని. రక్కసుని గెలుచుటకు భుజబలము చాలును. శకునియో, పెద్దలందఱు చూచుచుండఁగా నవ్వుచునే రాజ్యము కాఁజేసెను. ఆ సభలో భీముని గద యేమి చేయఁగలిగెను? మా చిన్ననాఁడు టూరింగు టాకీసులోఁ జూచినదియు నట్టిదే. ‘పాతాళభైరవి’ (1951)లో ఎస్.వి. రంగారావు నేపాళ మాంత్రికుఁడై రాఁగా జడిసితిమి, వాఁడు మనుష్యుఁడే. ‘మాయాబజార్’ (1957)లో నాయనయే ఘటోత్కచుఁడై రాఁగా మావాఁడే యని చప్పట్లు కొట్టితిమి.

కాని నోటికి వచ్చిన మాటను భారత మాపివేసెను. ఏకచక్రపురమున బకుఁడు చచ్చిన పిమ్మట వాని చుట్టములు బెదరి వెలికి రాఁగా, భీముఁడు వారిని జంపలేదు. ఇఁక మనుష్యుల జోలికిఁ బోమని మాట పుచ్చుకొని విడిచెను. హిడింబుని జంపినవాఁడే వాని చెల్లెలిని బెండ్లాడెను. వారి కుమారుఁడే గదా పాండవులకొఱకుఁ బోరి కర్ణుని శక్తికి బలియైనవాఁడు!

“నాయనా, మీరు చంపిన రక్కసికిఁ జుట్టము లెవరైనఁ గలరా?” అని కథకు నడిగితిని. వాఁడు తన కాగితములు తిరుగవేసి, “ఆలోచింపలేదు తాతగారూ” అనెను.

మఱుసటి యాదివారము వా రా గుహకు మరలఁ బోఁగా, మూలను రక్కసి పిల్ల లిద్దఱు కనఁబడిరఁట. దీపాలవేళ దాఁటినను బాలు రిండ్లకుఁ గదలలేదు. దోఁపరి సంగతి యింకను దేలలేదు.