సామెతకు ఊరుంటుంది
(కల్లూరులో చేసిన స్మారకోపన్యాసం)



ఎవరి పేరిట ఈ సభ జరుగుతోందో ఆ అయ్యవారు ఈ ఊళ్లోనే మాకు ఇంగ్లీషు చెప్పేవారు. ఒకనాడు పాఠంలో 'న్యూకాసిల్‌కు బొగ్గు మోసినట్టు' అనే ఇంగ్లీషు జాతీయం వచ్చింది. మాకు బొగ్గంటే ఇస్త్రీపెట్టెలో వేసేది. న్యూకాసిల్ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. అయ్యవారు సుద్దముక్క పక్కన పెట్టి, "బేతంచెర్లకు బండలు తోలినట్టురా అబ్బీ" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. నా పక్కన కూచున్నోడి నాయన బండల లారీ తోలేవాడు. వాడి నవ్వు ఆ పీరియడ్ అయ్యేదాకా ఆగలేదు.

ఉత్తర ఇంగ్లండులో టైన్ నది ఒడ్డునున్న ఆ ఊరి నుంచి కొన్ని వందల ఏళ్లు లండనుకు ఓడల్లో బొగ్గు పోయింది. అలాంటి ఊరికి బొగ్గు మోసుకుపోవడం వెర్రి పని. మనకు ఆ వెర్రి తెలియాలంటే బేతంచెర్ల నాపరాళ్లు కావాలి. అయ్యవారు భావాన్ని అలాగే ఉంచి ఊరు మార్చారు. ఈ పూట నా ఉపన్యాసమంతా ఆ ఒక్క మార్పు గురించే.

సామెతలు ప్రాంతానికో తీరుగా ఉండడం రెండు రకాలు. మొదటిది తేలిక. కోస్తాలో దున్నపోతు మీద కురిసిన వాన మన దగ్గర ఎనుబోతు మీద కురుస్తుంది. అక్కడి వేరుశనగ తెలంగాణలో పల్లీలు, మన కర్నూల్లో బుడ్డలు. పేరు మారినా పశువు అదే, గింజ అదే.

రెండోది కష్టం. మాట మారదు, బతుకు మారుతుంది. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్న సామెతే చూడండి. సెప్టెంబరు నడిమికి ఉత్తర కార్తె వస్తుంది. మఖ, పుబ్బ ఎండబెట్టి, ఉత్తర కూడా మొహం చాటేస్తే ఇక గంప నెత్తికెత్తుకుని ఊరు విడవమని దాని అర్థం. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. ఆ కాలవల కింద పుట్టినవాడికి ఇది పెద్దలు చెప్పిన కార్తెల మాట. మెట్టచేను రైతుకు మాత్రం గంపలో ఏమేం పడతాయన్న లెక్క.

ఆ గంప ఇంకా దిగలేదు. మన కోసిగి వైపు నుంచి గుంటూరు సీమకు మిరప కోతలకు, పత్తి తీతలకు కుటుంబాలకు కుటుంబాలే పోతాయి. దాన్ని 'సుగ్గికి పోవడం' అంటారు. పొరుగున కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల కాలం, సంబరం. అక్కడ పంట ఇంటికి చేరే వేళకున్న పేరు, ఇక్కడ ఇంటికి తాళం పడే వేళకు వచ్చింది. నిఘంటువులో ఒక అర్థం రాసుకుని ఊరుకుంటే, ముసలమ్మ ఒక్కతే కాపలా ఉన్న ఆ ఇల్లు మనకు కనబడదు.

కెప్టెన్ కార్ 1868లో ఆంధ్రలోకోక్తిచంద్రిక అచ్చువేశాడు. తెలుగు సామెతలకు అది గొప్ప మేలు. కానీ అకారాది వరుసలో నిలబడ్డ సామెత ఏ చేలో పుట్టిందో చెప్పదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వెలువరించిన వ్యవసాయ మాండలిక వృత్తి పదకోశం వేరే దారి పట్టింది. రైతుల నోట విన్న మాటలను ఏ ప్రాంతంలో ఏమంటారో చూపింది. నాగలికి, కాడికి జరిగిన ఆ న్యాయం సామెతకూ జరగాలి.

అందుకు పెద్ద నిధులు అక్కర్లేదు. పిల్లలారా, ఒక నోటుబుక్కు తీసుకుని మూడు గడులు గీయండి: విన్న మాట, విన్న ఊరు, అప్పుడు జరుగుతున్న పని. మీ అవ్వ దగ్గర కూచోండి. బుడ్డలు ఒలుస్తూ ఆమె అన్నది ఆమె అన్నట్టే రాయండి. దిద్దకండి.

మొదటి వరుస నేను నింపి ఇస్తున్నాను. మాట: బేతంచెర్లకు బండలు తోలినట్టు. ఊరు: కల్లూరు. పని: ఇంగ్లీషు పాఠం.