కనకమ్మగారి ఆదివారం



సముద్రం దాటి తెలుగునాటికి వచ్చిన మిషనరీ దొరల కథలు అందరూ విన్నవే. తెలుగునాటినుండి సముద్రం దాటి వెళ్ళిన కుటుంబం మాట అంతగా వినబడదు. నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు 1903లో తమ హోమ్ మిషనరీ సంఘం తరఫున జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపారు. ఆయనతోపాటు భార్య కనకమ్మగారు, పిల్లలు ఓడ ఎక్కారు. వారు కుదురుకొన్నది కియర్స్‌నీలో, హ్యూలెట్ దొర తేయాకు తోటవద్ద. అక్కడ అయిదేండ్ల ఒప్పందానికి కట్టుబడి వచ్చిన తెలుగు కూలీలు పనిచేసేవారు. ఆ యేడే డిసెంబరు 27, ఆదివారంనాడు వారి తెలుగు సంఘం వెలసింది.

వారమంతా తోటలో నలిగిన కూలీలకు ఆదివారమే తీరిక. అందుచేతనే పాదిరిగారి ఇంట ఆనాడు తీరిక ఉండదు. ఒకవంక ఆరాధన వేళ మించిపోతూంటుంది. పొయ్యిమీద అన్నం, చంకన బిడ్డ. వాకిట్లో స్వగ్రామానికి ఉత్తరం వ్రాసిపెట్టమనేవారొకరు, ఆలుమగల తగవు తీర్చమనేవారొకరు. ఇవి గ్రంథాలకెక్కిన సంగతులు కావు. చరిత్రకారులకు వంటింటితో పని తక్కువ. అయినా ఊహకందనివీ కావు. ఇంట తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు నడుమ పిల్లలను పెంచే ఆర్.ఎస్. పురం తల్లులకు ఆ గడబిడ వేరే చెప్పనక్కరలేదు. వీరికి నెల్లూరు ఒక రాత్రి ప్రయాణం. కనకమ్మగారికి నడుమ మహాసముద్రం. బయట జూలూ, ఇంగ్లీషు, తమిళం. పిల్లల నోట తెలుగు నిలిచేది ఆమె మాటతోనే.

1915లో రంగయ్యగారు కన్నుమూశారు. సంఘం తరువాతనూ సాగింది.