ఇంటి దగ్గర ఆక్వాపోనిక్స్: ముందు నీళ్లు, తర్వాతే చేపలు
(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆక్వాపోనిక్స్ గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నాకు డ్యూటీ వేశారు. నేను ప్రొఫెసర్‌ని కాను, మత్స్యశాఖ ఆఫీసర్నీ కాను. ఇంటర్ చదివి ఫౌజులో చేరి, ఇంజనీర్ కోర్‌లో పనిచేసి సుబేదార్‌గా పెన్షన్‌కి వచ్చినవాణ్ణి. ఐదేళ్లుగా మా ఇంటి వెనక ఒక ట్యాంకు, ఒక కంకర మడి నడుపుతున్నాను. కొత్తగా మొదలుపెట్టేవారికి పనికొచ్చే సంగతులే చెబుతాను.

ఆక్వాపోనిక్స్ అంటే పేరు పెద్దది గానీ పని చిన్నదే. ట్యాంకులో చేపలుంటాయి. వాటి నీళ్లను చిన్న మోటారు పైన ఉన్న కంకర మడిలోకి తోడుతుంది. ఆ మడిలో ఆకుకూరలు పెరుగుతాయి. చేపల మలం, మూత్రం మొక్కలకు ఎరువుగా మారుతుంది, శుభ్రపడ్డ నీళ్లు మళ్లీ ట్యాంకులోకి దిగుతాయి. మట్టి లేదు, యూరియా లేదు. రోజూ నీళ్లు మార్చే పనీ లేదు. ఆవిరైపోయినంత నింపితే చాలు.

ఈ ఆలోచన మనకు కొత్తేమీ కాదు. అరుణాచల్‌లో పోస్టింగ్ చేసినవాళ్లు జీరో లోయ చూసే ఉంటారు. అక్కడ అపతానీలు వరి మడిలోనే చేపలు పెంచుతారు. ట్యాంకు, మోటారు పెట్టి చేసే ఇప్పటి పద్ధతిని 1980ల నుంచి వర్జిన్ ఐలాండ్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రకోసీ అనే శాస్త్రవేత్త బాగా అభివృద్ధి చేశారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చిన్నస్థాయి ఆక్వాపోనిక్స్ మీద 2014లో ఒక మంచి పుస్తకం కూడా వేసింది.

ఇక అసలు మాట. కొత్తవాళ్లలో చాలామంది మొదటి నెలలోనే విసిగి వదిలేస్తారు. కారణం ఒక్కటే. ట్యాంకు కొన్న రోజే చేపలు తెచ్చి వేస్తారు. వారం పది రోజుల్లో చేపలు పైకి తేలతాయి. చేపపిల్లలు మంచివి కావని, నీళ్లు పడలేదని అనుకుంటారు. నిజానికి చేప నుంచి వచ్చేది అమోనియా. అది చేపకే విషం. కంకర మీద కంటికి కనిపించని బాక్టీరియా పెరగాలి. ఒక రకం బాక్టీరియా అమోనియాను నైట్రైట్ చేస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. మొక్కలకు కావలసింది ఆ నైట్రేట్. ఈ బాక్టీరియా బజారులో కొన్నంత మాత్రాన ఒక్క రాత్రిలో తయారు కాదు. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, చలికాలంలో ఇంకా ఎక్కువ.

మన భాషలో చెప్పాలంటే ఇది అడ్వాన్స్ పార్టీ. యూనిట్ కొత్త చోటికి మూవ్ అయితే ముందు అడ్వాన్స్ పార్టీ వెళ్లి లంగరు, నీళ్లు, బ్యారక్‌లు సిద్ధం చేస్తుంది. తర్వాతే మెయిన్ బాడీ దిగుతుంది. ఇక్కడ బాక్టీరియా అడ్వాన్స్ పార్టీ, చేపలు మెయిన్ బాడీ.

అందుకని ఇలా చేయండి. ట్యాంకు నింపి, మోటారు నడుపుతూ, చేపలు లేకుండానే రోజూ చిటికెడు చేపల మేత నీళ్లలో వేయండి. అది కుళ్లి అమోనియా వస్తుంది. ఎక్వేరియం షాపులో చుక్కలు వేసి రంగు చూసే టెస్ట్ కిట్టు దొరుకుతుంది. రెండు రోజులకోసారి చూసి నోట్‌బుక్‌లో రాయండి. మొదట అమోనియా పెరుగుతుంది, తర్వాత నైట్రైట్ పెరుగుతుంది, చివరికి రెండూ సున్నాకు దగ్గరగా దిగి నైట్రేట్ కనిపిస్తుంది. అప్పుడే చేపలను పిలవాలి. ఈ కిట్టుకు పెట్టే ఖర్చు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

ఇప్పుడు సైజు. 500 లీటర్ల ట్యాంకు, ఒక చదరపు మీటరు మడి, అడుగు లోతు కంకర. మొదటిసారికి ఇంతకు మించి వద్దు. డ్రమ్ములు వాడితే అంతకుముందు రసాయనాలు పోసినవి కాకుండా చూసుకోండి. చాలామంది డాబా మీద పెడదామంటారు. లీటరు నీళ్లు కిలో బరువు. ట్యాంకు అరటన్ను, కంకర ఇంకో అరటన్ను. మనుషులు తిరిగే డాబాకు మన దేశ ప్రమాణాల ప్రకారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోల భారం లెక్కేసి కడతారు. వంతెన మీద లోడ్ క్లాస్ బోర్డు చూడకుండా బండి ఎక్కించం కదా! డాబా కూడా అంతే. నేల మీద పెట్టడం మేలు. తప్పదంటే ఇంజనీర్‌కి చూపించి దూలాల మీద పెట్టండి.

కంకర ముప్పావు అంగుళం నల్లరాయిది తీసుకుని బాగా కడగండి. నాపరాయి ముక్కలు వాడొద్దు, అది సున్నపురాయి. నీళ్ల పిహెచ్‌ని పైకి లాగుతుంది. అనుమానముంటే రాయి మీద వెనిగర్ చుక్క వేయండి, బుసబుస పొంగితే పక్కన పెట్టండి. పిహెచ్ 6కీ 7కీ మధ్య ఉంటే చేపకీ మొక్కకీ బాక్టీరియాకీ రాజీ కుదురుతుంది. నెలలు గడిచేకొద్దీ అది తగ్గుతుంటుంది. గుడ్డసంచిలో ఆల్చిప్పల ముక్కలు కట్టి ట్యాంకులో వేలాడదీస్తే మెల్లగా సర్దుకుంటుంది. మునిసిపాలిటీ కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేదాకా ఒకటి రెండు రోజులు మూత లేకుండా ఉంచండి. క్లోరిన్ బాక్టీరియాను కూడా చంపుతుంది.

చేపల్లో కొత్తవారికి బంగారుతీగ మంచిది, ఓర్చుకునే చేప. ఇంట్లో మాంసాహారం లేనివారు గోల్డ్‌ఫిష్ వేసుకోవచ్చు, మొక్కలకు తేడా తెలియదు. తిలాపియా పెంచాలంటే ముందు మత్స్యశాఖ అనుమతి అడగండి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఎవరిచ్చినా తీసుకోవద్దు, మన దేశంలో దాని పెంపకం నిషేధం. పిల్లలు 15 చాలు. చదరపు మీటరు ఆకుకూరలకు రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత సరిపోతుందని లెక్క, అది పెరిగిన చేపలకు. చిన్న పిల్లలకు చాలా తక్కువ వేయాలి. ఐదు నిమిషాల్లో తినేసేంతే వేయండి, మిగిలింది తీసేయండి.

మొక్కల్లో తోటకూర, పాలకూర, బచ్చలి, పుదీనా సులువుగా వస్తాయి. టమాటా, మిర్చి మాత్రం ఆరు నెలల తర్వాత చూద్దాం. లేత ఆకులు పచ్చబడి ఈనెలు ఆకుపచ్చగా మిగిలితే ఇనుము తక్కువైందని అర్థం. నర్సరీలో చీలేటెడ్ ఐరన్ అడగండి. పురుగుమందు మాత్రం ముట్టుకోవద్దు. వేపనూనె కూడా నీళ్లలో పడితే చేపకు ప్రమాదమే. పురుగును చేత్తో ఏరి చేపకే వేయండి, అదే దానికి బడాఖానా.

కరెంటు పోతే ఏమిటని మా ఇంటావిడ మొదటిరోజే అడిగింది. సరైన ప్రశ్న. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి పెట్టుకోవాలి. చేపలు పలచగా ఉంటే కొన్ని గంటలు తట్టుకుంటాయి, కిక్కిరిస్తే తట్టుకోవు. ఢిల్లీ, పంజాబ్, జమ్మూ వైపు ఉన్నవాళ్లు ఫిబ్రవరి చివర్లో మొదలుపెట్టండి. చలిలో బాక్టీరియా కూడా ముసుగుతన్ని పడుకుంటుంది.

చివరగా డబ్బు సంగతి. ఇది చెప్పకపోతే నా డ్యూటీ పూర్తి కాదు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు చేతికి రాగానే మన దగ్గరికి రకరకాల మనుషులు వస్తారు. లక్షలు పెట్టండి, యూనిట్ మేమే వేస్తాం, చేపలు మేమే కొంటాం, నెలకింత గ్యారంటీ అంటారు. చదరపు మీటరు మడిని ఏడాది నడపని మనిషి ఎకరం యూనిట్‌ను నడపలేడు. ఇంట్లో పెట్టే ఈ చిన్న ట్యాంకు మీకు లాభాలు తేదు. వారానికి కొన్ని కట్టల ఆకుకూర, ఏడాదికి కొన్ని కిలోల చేప ఇస్తుంది, అంతే. కానీ పెద్దది మీకు సరిపడుతుందో లేదో తక్కువ ఖర్చుతో చెప్పేస్తుంది. వ్యాపారంగా చేయదలచుకుంటే 2006లో హైదరాబాదులో పెట్టిన జాతీయ మత్స్య అభివృద్ధి సంస్థ ఉంది, జిల్లా మత్స్యశాఖ ఉంది. సంతకం పెట్టేముందు అక్కడ అడగండి. రిటైర్మెంటు దగ్గరపడ్డ తమ్ముళ్లు డీజీఆర్ కోర్సుల జాబితా కూడా చూసుకోండి.

ఇంకో మాట. పెన్షన్‌కి వచ్చాక పొద్దున ఐదింటికి మెలకువ వస్తుంది, ఫాలిన్ మాత్రం ఉండదు. ఆ గంట ఎలా గడుస్తుందో ఇక్కడున్న అన్నలకు తెలుసు. ఈ ట్యాంకు రోజూ అరగంట పని అడుగుతుంది. మోటారు చూడాలి, నీళ్లు చూడాలి, మేత వేయాలి, రాసుకోవాలి. మెయింటెనెన్స్ పరేడ్ చేసిన చేతులకు ఇది కొత్త కాదు. ఎవరైనా మొదలుపెడతానంటే కిట్టుతో నీళ్లు ఎలా చూడాలో నేను వచ్చి చూపిస్తాను. ఆరు వారాలు ఆగే ఓపిక మాత్రం మీరు తెచ్చుకోండి.