బడిలో వినిపించే విజ్ఞానం

పాఠశాలకు రేడియో పాతచుట్టమే. మన దేశంలో బడిపిల్లల కోసం ప్రసారాలు 1930ల నాటికే మొదలైనవి. 1991లో ఆకాశవాణి మానవ పరిణామాన్ని గురించిన 144 భాగాల ధారావాహికను 18 భాషలలో వినిపించినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘విందాం నేర్చుకుందాం’ అనే పేరుతో ప్రాథమిక తరగతులకు వచ్చిన రేడియో పాఠాలు ఎందరో ఉపాధ్యాయులకు జ్ఞాపకం ఉండే ఉంటాయి. అయితే ఆ ప్రసారాలన్నిటికీ ఒక పరిమితి ఉండేది. పాఠం నిర్ణీత వేళకు వచ్చి, నిర్ణీత వేళకు వెళ్ళిపోయేది. నడుమ పిల్లవానికి సందేహం కలిగితే రేడియో ఆగదు కదా!

నేడు పాడ్‌కాస్ట్ అని పిలిచేది దాచి ఉంచిన రేడియో కార్యక్రమమే. దానిని ఫోనులోనికి దించుకొని, కావలసిన వేళ వినిపించవచ్చును. వెనుకకు జరిపి మరల వినవచ్చును. అన్నిటికంటె ముఖ్యంగా, నడుమ ఆపవచ్చును. ప్రాథమిక తరగతిలో సైన్సు బోధించే ఉపాధ్యాయునికి ఈ ఆపగలగడమే దాని గొప్ప ప్రయోజనమని మా అభిప్రాయం.

2016 అక్టోబరులో వెనుకటి మహబూబ్‌నగర్ జిల్లా నుండి ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలనే తీసుకొందాము. చిన్న ఊళ్ళ బడులలో ఒకరిద్దరు ఉపాధ్యాయులే ఐదు తరగతులను నడుపవలసి వస్తుంది. ఒక తరగతికి ఫోను పెట్టి, మరొక తరగతికి లెక్కలు చెప్పుదామనే ఆలోచన అక్కడ సహజమే. కాని అట్లా చేస్తే పిల్లలు ఊరక కూర్చొని వింటారు, విన్నది నమ్ముతారు. విని నమ్మడం విజ్ఞానశాస్త్రం కాదు.

ఒక ఉదాహరణ చెప్పుతాము. వనపర్తి ప్రాంతంలో యాసంగిలో పల్లి విస్తారంగా వేస్తారు. దానికి పుస్తకంలో ఉన్న పేరు వేరుశనగ. ఆ పేరు వినగానే కాయ వేరుకే కాస్తుందని పిల్లలు అనుకొంటారు. ‘పల్లికాయ వేరుకు కాస్తుందా, కొమ్మకు కాస్తుందా?’ అని ఫోనులోని గొంతు అడిగిందనుకొందాము. ఉపాధ్యాయుడు అక్కడ ఆపవలెను. ఎవరి అభిప్రాయమేమిటో పలక మీద గీతలు గీయించవలెను. పక్క చేను రైతును అడిగి, పూత దాటిన మొక్కను ఒకదానిని పెరికించి చూపవలెను. పువ్వు నేలకు పైననే పూస్తుంది. ఫలదీకరణం జరిగిన పిమ్మట దాని మొదట సన్నని ఊడ బయలుదేరి, కిందికి వంగి మట్టిలోనికి దిగుతుంది. దాని కొనయే కాయగా ఊరుతుంది. వేళ్ళ మీది బుడిపెలు కాయలు కావు. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే సూక్ష్మజీవుల నివాసాలవి. ఇదంతా కంటితో చూసిన తరువాత మిగిలిన భాగం వినిపిస్తే, పిల్లలు ఆ గొంతును తమ సాక్ష్యంతో సరిచూసుకొంటారు. ఆగకుండా వినిపిస్తే వారికి మిగిలేది ‘ఊడ’ అనే ఒక మాట మాత్రమే.

ధ్వనిని గురించిన పాఠమైతే చెవియే ప్రయోగశాల. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. పెద్ద గోడకు 17 మీటర్ల దూరాన నిలిచి చప్పట్లు చరిస్తే, ఆ శబ్దం పోయి వచ్చేసరికి సెకనులో పదోవంతు పడుతుంది. ఇంకా దగ్గరగా నిలిస్తే ప్రతిధ్వని విడిగా వినిపించదు. పిల్లలు ఒక్కొక్క అడుగే వెనుకకు వేస్తూ దీనిని తామే కనుగొనగలరు.

అమెరికాలో 2012లో మొదలైన ‘బ్రెయిన్స్ ఆన్’ అనే పిల్లల సైన్సు కార్యక్రమంలో ఒక శబ్దం వినిపించి, అదేమిటో ఊహించమంటారు. గద్వాల పిల్లలు మగ్గం చప్పుడునూ, జూరాల గేట్ల నుండి దుమికే నీటి హోరునూ ఫోనులో పట్టి, ఇటువంటి పొడుపుకథలు తామే కట్టవచ్చును. నల్లమలలో అమ్రాబాద్ వైపు చెంచు పిల్లల నడుమ పక్షుల కూతలను గురించి వినిపించేటప్పుడు, ముందుగా వారినే అడగడం మర్యాద. అడవిలో పెరిగిన పిల్లలకు తెలిసిన కూతలు మా స్టూడియోలో ఉండకపోవచ్చును.

ఇక భాష సంగతి. ఇటువంటి కార్యక్రమాలలో ఎక్కువ భాగం ఇంగ్లీషులో ఉన్నవి. ఉపాధ్యాయుడు ముందుగా ఒకసారి విని, కొద్దికొద్దిగా ఆపుతూ ఆ ఊరి మాటలలో చెప్పవలసి ఉంటుంది. నడిగడ్డలో కన్నడం, తండాలలో లంబాడీ, పట్టణాలలో ఉర్దూ ఇంట మాట్లాడే పిల్లలు కూడ ఉన్నారు. వారిని తమ మాటలలోనే జవాబు చెప్పనివ్వవలెను. చదవడంలో వెనుకబడిన పిల్లవాడు ఆలోచించడంలో వెనుకబడినవాడు కాడు. అక్షరం అడ్డుపడిన చోట చెవి దారి చూపుతుంది. ఈ సాధనం వలన ఎక్కువ మేలు పొందదగినవాడు అతడే.

పది నిమిషాల కార్యక్రమం చాలును. అడవి ఊళ్ళలో సిగ్నల్ అందదు గనుక ముందుగానే దించి ఉంచుకొనవలెను. ఒక చిన్న స్పీకరు ఉంటే వెనుక వరుసకూ వినిపిస్తుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. సాయంకాలం పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు ‘ఈరోజు ఏమి విన్నావు?’ అని అడిగి ఊరుకోకండి. ‘విన్నది నిజమో కాదో ఎట్లా చూశారు?’ అని కూడ అడగండి. వారు మిమ్మల్ని చేనులోనికి తీసుకొనిపోతే సంతోషంగా వెంట వెళ్ళండి.