గోల్ఫ్ ఆటగాళ్ళ గుండెనిబ్బరం – మనకు పనికొచ్చే సంగతులు

(సూరత్‌లో జరిగిన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



క్రీడాకారుల మనోధైర్యం గురించి ఓ పావుగంట మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను కోరారు. నేను గోల్ఫ్ ఎంచుకున్నాను. "అది ఆఫీసర్ల ఆట కదా సాబ్" అని మీలో కొందరు అనుకోవచ్చు. కంటోన్మెంటులో గోల్ఫ్ కోర్సు పక్కనుంచి మనం పి.టి.కి పరిగెత్తామే గాని లోపల అడుగు పెట్టింది తక్కువ. కానీ ఆ ఆటలో పేరు తెచ్చుకున్నవాళ్ళలో బ్యాగులు మోసిన క్యాడీలున్నారు, మన సైన్యంలో పరుగు నేర్చినవాడి కొడుకున్నాడు, తెలుగు బిడ్డ కూడా ఉన్నాడు.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. 18 గుంతల్లో బంతిని ఎంత తక్కువ దెబ్బలతో వేస్తే అంత గొప్ప. పెద్ద పోటీలు సాధారణంగా నాలుగు రోజులు సాగుతాయి. రోజుకు సుమారు 70 దెబ్బలు, నాలుగైదు గంటలు. ఒక్కో దెబ్బకు అర నిమిషం వేసుకున్నా 35 నిమిషాలే. మిగతాదంతా నడకే. ఆ నడకలోనే మనసు మనిషిని తినేస్తుంది. రాత్రి సంత్రీ డ్యూటీ చేసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కరలేదు. ఫైరింగ్ రేంజిలో ఒక గుండు పక్కకు పోతే, దాని గురించే ఆలోచిస్తూ రెండోదీ పాడుచేసుకుంటాం. అప్పుడు ఉస్తాద్ ఏమనేవారు? "పిఛ్‌లా గోలీ భూల్ జావో." గోల్ఫ్ రహస్యమంతా ఆ మాటలోనే ఉంది.

ముందు పాత కాలం నుంచి మొదలుపెడతాను. బెన్ హోగన్ అమెరికావాడు, రెండో ప్రపంచయుద్ధంలో వాళ్ళ సైనిక వైమానిక దళంలో పనిచేసినవాడు. 1949 ఫిబ్రవరిలో పొగమంచులో ఆయన కారును ఎదురుగా వచ్చిన బస్సు గుద్దింది. పక్కన కూర్చున్న భార్యకు తన శరీరాన్ని అడ్డం పెట్టాడు. కటి ఎముక, మెడ దగ్గర ఎముక, చీలమండ విరిగాయి. మళ్ళీ నడవగలడా అని డాక్టర్లే అనుమానపడ్డారు. సుమారు 16 నెలలకే, 1950 జూన్‌లో కాళ్ళకు పట్టీలు చుట్టుకుని అమెరికా ఓపెన్‌కు దిగాడు. ఆఖరి రోజు ఒక్కరోజే 36 గుంతలు ఆడి, మర్నాడు ప్లే-ఆఫ్‌లో ఇంకో 18 ఆడి గెలిచాడు. ఆయన గెలిచిన 9 మేజర్ టైటిళ్ళలో 6 ఆ ప్రమాదం తర్వాతవే.

అదే తరంలో ఇంకో రకం దెబ్బ తిన్నవాడు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు చెందిన భారతీయుడు, పప్వా సెవ్‌గోలం. మన విశాఖ, గంజాం జిల్లాల జనం కూడా చెరకు తోటల కూలీలుగా వెళ్ళిన నేల అది. క్యాడీగా మొదలై, అందరికీ భిన్నంగా ఎడమ చెయ్యి కిందకు, కుడి చెయ్యి పైకి పెట్టి ఆడేవాడు. 1959లో డచ్ ఓపెన్ గెలిచాడు. 1963లో డర్బన్‌లో నేటాల్ ఓపెన్ గెలిస్తే, నల్లవాళ్ళకు, భారతీయులకు క్లబ్బు లోపలికి ప్రవేశం లేదని బయట వానలో నిలబెట్టి కప్పు చేతికిచ్చారు. 1965లో అదే పోటీలో ప్రపంచ ప్రసిద్ధుడు గ్యారీ ప్లేయర్‌ను ఓడించాడు. తర్వాత ప్రభుత్వం ఆయన్ని ఆడనివ్వలేదు. 1978లో పోయాడు. అవమానం జరిగిన చోటికే తిరిగి వెళ్ళి మళ్ళీ గెలవడం చిన్న విషయం కాదు.

ఇక మన దేశం సంగతి. ఢిల్లీలో క్యాడీగా పనిచేసిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆ కప్పు గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ ఆటగాడు ఆయనే. జీవ్ మిల్ఖా సింగ్ తండ్రి గురించి మీకు తెలుసు. మన సికింద్రాబాదు ఇ.ఎం.ఇ. సెంటర్లో పరుగు మొదలుపెట్టి, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన మిల్ఖా సింగ్. కొడుకు జీవ్ 1999 తర్వాత ఏళ్ళ తరబడి ఒక్క టైటిలూ గెలవలేకపోయాడు. గాయాలు వేధించాయి. 2006లో మొదట చైనాలో, ఆ ఏడాది చివర స్పెయిన్‌లో వోల్వో మాస్టర్స్‌లో గెలిచాడు. మధ్యప్రదేశ్‌లోని మహూ కంటోన్మెంటు ఊరివాడైన ముకేష్ కుమార్‌కు మొదటి ఆసియన్ టూర్ టైటిలు 2016లో వచ్చింది. అప్పటికి ఆయన వయసు 51. యాభై దాటిన సాబ్‌లు ఈ మాట గుర్తుపెట్టుకోండి!

ఇప్పుడు మన తెలుగు కుర్రాడి దగ్గరికి వద్దాం. సాహిత్ తీగల. హైదరాబాదు నుంచి అమెరికా వెళ్ళిన మురళీధర్, కరుణ దంపతుల కొడుకు. 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. వెన్నెముక కొంచెం వంకర. కాలేజీలో ఉండగా మణికట్టు దెబ్బతిని ఒక సీజను మొత్తం పోయింది. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ పోటీలో గెలుపు అంచుదాకా వచ్చాడు. 17వ గుంత దగ్గర కొట్టిన బంతి నేల తాకి ఎడమకు మళ్ళి నీళ్ళలో పడింది. ఒక్క దెబ్బ తేడాతో పోయింది. లక్షలమంది టీవీలో చూస్తుండగా కన్నవాళ్ళను పట్టుకుని ఏడ్చాడు. నాలుగు నెలలకే కనెక్టికట్‌లో ట్రావెలర్స్ పోటీలో ఆఖరి గుంతకు ఒక దెబ్బ ముందున్నాడు. బంతి ఇసుక గుంటలో పడింది. కొడితే గట్టుకు తగిలి మళ్ళీ ఇసుకలోనే ఆగింది. అదీ పోయింది.

అయినా మానలేదు. 2023 సెప్టెంబరులో కాలిఫోర్నియాలో అమ్మానాన్నల ఎదుటే ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు.

నాకు ఆ గెలుపు కంటే తర్వాతి ఏడాది జరిగిందే గొప్పగా కనిపిస్తుంది. 2024లో అట్లాంటాలో టూర్ ఛాంపియన్‌షిప్. మూడో రోజు ఇసుక గుంటలోంచి కొట్టబోతూ కర్ర వెనక్కి ఎత్తేటప్పుడు ఇసుకకు తగిలినట్టు అనిపించింది. అది రూలుకు విరుద్ధం. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. తనే అధికారిని పిలిచి చెప్పి, రెండు దెబ్బల జరిమానా వేయించుకున్నాడు. చివరికి మూడో స్థానం వచ్చింది. ఆ రెండు దెబ్బలు లేకపోతే రెండో స్థానం పంచుకునేవాడు. తేడా 25 లక్షల డాలర్లు, మన లెక్కలో 20 కోట్ల రూపాయలకు పైమాటే.

దీన్ని నేను గుండెనిబ్బరం అంటాను. ఓడినా నవ్వుతూ తిరిగేవాడినే గట్టివాడంటారు మనవాళ్ళు. హోగన్ కాలంలో బాధ పైకి చెప్పుకునేవాళ్ళు కాదు, మన పాత సుబేదార్ సాబ్‌లూ అంతే. ఈ కుర్రాడు పదిమందిలో ఏడ్చాడు, తర్వాతి వారాల్లో మళ్ళీ మైదానంలో నిలబడ్డాడు. కన్నీళ్ళు పెట్టుకుంటే ధైర్యం తగ్గిపోదని తేల్చాడు. గోల్ఫ్‌లో తప్పితే డబ్బు పోతుంది, మన డ్యూటీలో ప్రాణం పోతుంది. రెండూ ఒకటని నేను అనను. కానీ మనసు పనిచేసే తీరు ఒకటే.

మన విషయానికొద్దాం. ముప్ఫైమందికి ఆర్డర్ ఇచ్చిన సాబ్, పెన్షన్ వచ్చాక ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరో నిలబడి, కొడుకు వయసువాడి కారుకు సెల్యూట్ చేస్తాడు. రాత్రి నిద్ర పట్టదు. భార్యకు చెప్పడు, సీసాకు చెప్పుకుంటాడు. ఇలాంటివాళ్ళు మన సంఘంలో లేరని చెప్పగలమా? 2022లో ప్రకటించిన అగ్నిపథ్ ప్రకారం నాలుగేళ్ళ తర్వాత సైన్యంలో నిలిచేది 25 శాతం వరకే. మిగతా పిల్లలు పాతికేళ్ళు నిండీ నిండకుండానే ఇంటికొస్తారు. వాళ్ళ చేతిలోంచి బంతి నీళ్ళలో పడినట్టే ఉంటుంది. అప్పుడు "నువ్వు పనికిరావు" అనకుండా పక్కన నిలబడేది సాహిత్ అమ్మానాన్నల్లా మనమే కావాలి.

ఈ సూరత్‌లో లింబాయత్, ఉధ్నా వైపు మన తెలుగు నేతన్నలను చూడండి. పోగు తెగితే మగ్గాన్ని తిట్టుకుంటూ కూర్చోరు. ముడి వేసి మళ్ళీ ఆడిస్తారు. మనమూ అంతే చెయ్యాలి. సంఘం తరఫున ప్రతి నెలా ఒక ఆదివారం, దిగులుగా ఉన్న ఒక తోటివాడి ఇంటికి ఇద్దరిద్దరుగా వెళ్ళి టీ తాగి వద్దామని నా ప్రతిపాదన. ఉపన్యాసం వద్దు, ఊరికే కూర్చుని వినండి చాలు. ఈ నెల పేర్లు ఇప్పుడే కార్యదర్శిగారి దగ్గర రాయించండి. మొదటి పేరు నాది.

జై హింద్.