గాలిదుమారం కబురు కల్లం దాకా రావాలి
(గోదావరిఖని ప్రాంత రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2024 ఏప్రిల్ 22 రాత్రి మన పెద్దపల్లి జిల్లా ముత్తారం మండలం ఓడేడు దగ్గర, మానేరు మీద కడుతున్న వంతెన గడ్డర్లు గాలిదుమారానికి కూలిపడ్డాయి. కొద్దిసేపటి ముందే ఆ కింది నుంచి పెళ్లి బస్సు దాటిపోయిందని వార్తలొచ్చాయి. పనుల నాణ్యత సంగతి వేరుగా మాట్లాడుకుందాం. గడ్డర్లే నిలవని గాలికి వడ్ల కుప్ప మీద పరదా ఎంత, కొట్టం మీద రేకు ఎంత?

దీన్ని చాలామంది సుడిగాలి అంటున్నారు. 2024 మార్చి 31న బెంగాల్‌లోని జల్‌పాయిగురిలో వచ్చినట్టు సుడి తిరిగే టోర్నడో మన దగ్గర చాలా అరుదు. మన మామిడితోటల్లో పడిన చెట్లు చూడండి, ఎక్కువగా ఒకే దిక్కుకు పడి ఉంటాయి. అది మొగులులోంచి కిందికి దూకిన గాలి.

ఏప్రిల్, మే నెలల్లో పొద్దంతా నేల కాగుతుంది. వేడిగాలి తేమతో కలిసి పైకి లేచి, సాయంత్రానికి మొగులు గోపురంలా పెరుగుతుంది. దాంట్లోంచి పడే చినుకులు కింది పొడిగాలిలో చాలావరకు ఆవిరైపోతాయి. మట్టికుండలో నీళ్లు చల్లబడినట్టే ఆ గాలీ చల్లబడి, బరువెక్కి, ఒక్కసారిగా నేలకు దిగి పరుచుకుంటుంది. అందుకే వాన కంటే ముందు గాలి వస్తుంది. ఎండకు మాడిన ఒంటికి ఆ చల్లదనం తగిలితే హాయి అనుకుంటాం. అప్పటికే ఆలస్యమైనట్టు.

పూర్వం పడమటి దిక్కు చూసి చెప్పేవాళ్లం. ఇప్పుడు ఓపెన్‌కాస్టు మట్టిగుట్టలు అడ్డం. మొదటి ఉరుము వినబడినా బ్లాస్టింగేమో అనుకుంటున్నాం!

హైదరాబాద్ వాతావరణ కేంద్రం ఏ జిల్లాల్లో ఈదురుగాలులు ఉండొచ్చో ముందురోజే చెబుతుంది. ఏ ఊరి మీద పడతాయో మాత్రం మొగులు పుట్టాకే తెలుస్తుంది. అప్పుడు మూడు గంటలకు వర్తించే హెచ్చరిక ఇస్తారు. దాంట్లోనూ ఒక చిక్కుంది. హైదరాబాద్ రాడార్ మనకు సుమారు 180 కిలోమీటర్ల దూరం. భూమి గుండ్రం కాబట్టి దాని కిరణం మన దగ్గరికి వచ్చేసరికి నేలకు మూడు కిలోమీటర్లకు పైనే పోతుంది. మొగులు కనబడుతుంది కానీ నేల మీది గాలి కనబడదు. ఈ ప్రాంతానికి దగ్గరలో ఒక రాడార్ కావాలని మనం అడగాలి.

రాడార్ వచ్చేదాకా ఉన్న కబురన్నా అందాలి కదా. పోయిన యాసంగిలో మా ఊరి కేంద్రంలో కాంటా కోసం ఎదురుచూస్తున్నాం. హెచ్చరిక మెసేజ్ ఇంటికాడ ఉన్న పిల్లగాని ఫోన్‌కు వచ్చింది. మేం కల్లంలో ఉన్నాం. అతను పరుగున వచ్చేసరికి పరదాలు ఎగిరి పక్క పొలంలో పడ్డాయి, వడ్లు తడిసి ముద్దయ్యాయి. ఆ అరగంట ముందు తెలిస్తే నలుగురం కలిసి అంచుల మీద ఇసుక బస్తాలు పెట్టేవాళ్లం. రాళ్లు పెడితే పరదా చినుగుతుంది తప్ప ఆగదు.

ఇంకో సంగతి. రాష్ట్రంలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి, గాలి వేగం కూడా నమోదవుతుంది. నష్టం రాయడానికి వచ్చిన అధికారి "అంత గాలి వచ్చిందా?" అని మననే అడుగుతాడు. ఆ లెక్క మండల ఆఫీసు గోడ మీద మరునాడే అంటించాలి.

సోమవారం ప్రజావాణిలో ఇచ్చే దరఖాస్తులో ఈ లెక్క సంగతి, కొనుగోలు కేంద్రాల్లో మైకు ద్వారా హెచ్చరిక సంగతి రెండూ రాశాం. సంతకాలు పెట్టాల్సినవాళ్లు ఇప్పుడే పెట్టి వెళ్లండి.