60 యూసీకి ఎన్ని నిమిషాల డ్యూటీ?

(వార్షిక సమావేశంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద జీతం బకాయిలు, వీసా మోసాల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఫోన్ గేముల ముచ్చటేంది అనుకోకండి. డ్యూటీ దిగి రూముకొచ్చి కాసేపు పబ్జీ ఆడితే తప్పని మేము అనడం లేదు. పొద్దంతా ఎండలో పనిచేసినవాళ్ళకు ఆ మాత్రం సరదా ఉండాలి. మేము చెప్పేది ధర లెక్క ఒక్కటే.

పబ్జీ మొబైల్‌లో 60 యూసీల ప్యాకు 0.99 డాలర్లు. పెద్ద ప్యాకు 99.99 డాలర్లు. దేశాన్ని బట్టి, పన్నును బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. చిన్న ప్యాకులు వంద కొంటే వచ్చేది 6,000 యూసీలు. పెద్ద ప్యాకుకైతే దాని పైన ఇంకో 2,100 బోనస్. ఎక్కువ కొంటే లాభమే కదా అనిపిస్తుంది. అనిపించాలనే అలా పెడతారు. బియ్యం బస్తా మొత్తం కొంటే చవక అంటే అర్థముంది, కొట్టువాడికి మోత, రవాణా మిగులుతాయి. యూసీకి మోత ఎక్కడిది? గేములో డ్రెస్సు ఒక్కసారి గీస్తే కోటిమందికి అమ్మొచ్చు. కాబట్టి ధర తయారీ ఖర్చును బట్టి కాదు, మనం ఎంతవరకు పెడతామన్నదాన్ని బట్టి ఉంటుంది.

అసలు యూసీ ఎందుకు, నేరుగా దిర్హాముల్లోనే అడగొచ్చుగా? అడిగితే మన చెయ్యి ఆగుతుంది. పైగా వస్తువు 80 యూసీ అనుకోండి, 60 ప్యాకు సరిపోదు. రెండు కొనాలి, 40 మిగులుతాయి. ఆ మిగిలినవి ఊరికే పోతాయని మళ్ళీ కొంటాం.

నెలకు 1,200 దిర్హాములు, 26 రోజులు, రోజుకు 8 గంటలు అనుకుందాం. గంటకు ఆరు దిర్హాములు కూడా పడదు. 60 యూసీ అంటే దాదాపు 38 నిమిషాల డ్యూటీ. పెద్ద ప్యాకు సుమారు 367 దిర్హాములు, అంటే ఎనిమిది రోజుల పని!

ఇక స్పిన్‌లు, పెట్టెలు. వీటిలో ఏమొస్తుందో తెలియకుండానే కొంటాం. ఇలాంటి కొన్ని జూదమేనని 2018లో బెల్జియం తేల్చింది. ఆడేవాళ్ళలో ఎక్కువమంది పైసా పెట్టరు, కొద్దిమంది పెట్టేదానితోనే వ్యాపారం నడుస్తుంది. ఆ కొద్దిమందికి ఆ పరిశ్రమలో పేరు 'వేల్స్', అంటే తిమింగలాలు. నెలనెలా ఇంటికి డబ్బు పంపే మనవాళ్ళు తిమింగలాలా?

ఇంటి దగ్గర పిల్లల సంగతీ చూడాలి. ఫోర్ట్‌నైట్ తీసిన ఎపిక్ గేమ్స్ మీద అమెరికా ప్రభుత్వ సంస్థ కేసు పెట్టింది. బటన్లు తికమకగా పెట్టి అనుకోని కొనుగోళ్ళు చేయించారని, పెద్దల అనుమతి లేకుండా పిల్లలు కొనేలా వదిలేశారని ఆరోపణ. 2022 డిసెంబరులో ఆ కంపెనీ 24.5 కోట్ల డాలర్లు వాపసుల కోసం కట్టడానికి ఒప్పుకుంది.

మీ కార్డు ఉన్న అకౌంటు ఊళ్ళో పిల్లల ఫోన్లో ఉంటే, ఈ రాత్రి వీడియో కాల్ చేసినప్పుడే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టించండి. ఇప్పటికే డబ్బు కట్ అయితే, 48 గంటలలోపు గూగుల్‌కు రిఫండ్ అడగండి. ఎలా అడగాలో తెలియనివాళ్ళు మీటింగ్ అయ్యాక ఫోన్ పట్టుకుని మా బల్ల దగ్గరికి రండి, కలిసి నింపుదాం.